దేవనహళ్లి దారిలో లగేజీ లెక్క

విమానాశ్రయ భద్రతా నియమాలు ప్రయాణికుడి సామానును రెండుగా విడదీస్తాయి. ఒకటి ప్రయాణికుడి వెంటే విమానంలోకి వచ్చే చేతిబ్యాగు. రెండోది చెకిన్ కౌంటర్‌లో అప్పజెప్పే పెద్దపెట్టె. అది విమానం అడుగున ఉన్న సామాన్ల అరలోకి పోతుంది, దిగేదాకా మళ్లీ చేతికి రాదు. కూరగాయలు తరిగే కత్తి పెట్టెలో పోవచ్చు, చేతిబ్యాగులో కుదరదు. పవర్ బ్యాంక్ చేతిబ్యాగులోనే ఉండాలి, పెట్టెలో కుదరదు. అగ్గిపెట్టె రెంటిలోనూ కుదరదు. పైపైన చూస్తే ఇవి పొంతన లేని ఆంక్షల్లా కనిపిస్తాయి గానీ, ఒక్కోదాని వెనుక ఒక కారణం ఉంది. చాలావాటి వెనుక ప్రాణాలు పోయిన ఒక ఘటన కూడా ఉంది. ఆ కారణం తెలిస్తే పట్టిక బట్టీపట్టే పని ఉండదు.

కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో ఈ సంగతి ఇంటింటికీ అవసరపడే రోజులివి. 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఈ ఊరి నుంచి దేవనహళ్లి దగ్గరి కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం సుమారు 65 కిలోమీటర్లు. 2008 మే 24న అది మొదలయ్యేదాకా విమానం ఎక్కాలంటే బెంగళూరు నగరమంతా దాటి హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు అనంతపురం, కదిరి వైపు జనం కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి మీదుగా, మదనపల్లె, రాయచోటి వైపు జనం చింతామణి మీదుగా దేవనహళ్లికే వస్తున్నారు. వారిలో కువైట్‌కు, దుబాయికి పనికి పోయేవాళ్లుంటారు. అమెరికాలోని పిల్లల దగ్గరికి కాన్పు సాయానికి పోయే తల్లులుంటారు. మాల వేసుకుని కొచ్చి విమానం ఎక్కే స్వాములుంటారు. చాలామందికి అదే మొదటి విమానం. సామాను సర్దేది ఇంటి దగ్గర, తప్పు బయటపడేది విమానాశ్రయంలో. అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఒక వస్తువు ఇంట్లో పెట్టిపోవడం ఎవరివల్లా కాదు.

మన దేశంలో ఈ నియమాలు రాసేది పౌర విమానయాన భద్రతా సంస్థ, అంటే బీసీఏఎస్. 1976లో ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక వేసిన పాండే కమిటీ సిఫారసు మేరకు 1978 జనవరిలో అది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏలో ఒక విభాగంగా పుట్టింది. 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర సంస్థ అయింది. ఆ మార్పుకు దారితీసిన దుర్ఘటన 1985 జూన్ 23న జరిగింది. ఆ రోజు కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరం దగ్గర గాలిలోనే పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టెను వాంకూవర్‌లో ఒకడు కౌంటర్‌లో అప్పజెప్పాడు, తాను మాత్రం విమానం ఎక్కలేదు. పెట్టె ఒక్కటే ప్రయాణం చేసింది. చెకిన్ చేసిన ప్రయాణికుడు గేటు దగ్గరికి రాకపోతే అతని పెట్టెను వెతికి దించేదాకా విమానం కదలనివ్వకపోవడానికి కారణం అదే. మిగతావాళ్లకు అది విసుగు పుట్టించే ఆలస్యమే. అయినా ఆ అరగంట 329 ప్రాణాలు నేర్పిన పాఠం.

1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీకి రావాల్సిన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌కు మళ్లించారు. ఆ తరవాత విమానాశ్రయాల తనిఖీని రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అంటే సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ మొదటిది. దేవనహళ్లిలోనూ ఖాకీ బట్టల్లో తనిఖీ చేసేది ఆ దళమే. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత ప్రపంచమంతటా చిన్న బ్లేడుకు కూడా చేతిబ్యాగులో చోటు లేకుండా పోయింది. అదే ఏడాది డిసెంబరులో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం దాచి అట్లాంటిక్ మీదుగా పోయే విమానం ఎక్కడంతో అమెరికాలో బూట్లు విప్పించే పద్ధతి వచ్చింది. దాన్ని ఎత్తేసింది 2025 జులైలోనే.

విమానాశ్రయంలో తనిఖీ అంచెలంచెలుగా జరుగుతుంది. టెర్మినల్ తలుపు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూస్తారు. 2022 డిసెంబరు 1న బెంగళూరు, ఢిల్లీ, వారణాసిలలో మొదలైన డిజియాత్రలో నమోదైనవాళ్లకు దేశీయ ప్రయాణాల్లో ముఖమే గుర్తింపు కార్డు. అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబరు 12 నుంచి రెండో టెర్మినల్‌కు మారాయి కాబట్టి, గల్ఫ్‌కు పోయేవాళ్లు కారు డ్రైవరుకు ఆ మాట ముందే చెప్పడం మేలు. కౌంటర్‌లో ఇచ్చిన పెట్టె బెల్టు మీద లోపలికి పోయి, కంటికి కనపడని చోట ఎక్స్‌రే యంత్రాల గుండా నడుస్తుంది. అనుమానం వస్తే పెట్టె యజమానిని పిలిపించి, అతని ఎదుటే తెరిపిస్తారు. ఎక్కువసార్లు ఆ పిలుపుకు కారణం పెట్టెలో మరిచిపోయిన పవర్ బ్యాంకో లైటరో.

చేతిబ్యాగు వంతు తరవాత వస్తుంది. సాధారణ తరగతిలో ఒక్కరికి ఒక్క చేతిబ్యాగు, ఎక్కువ సంస్థల్లో 7 కిలోల దాకా. ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్, పవర్ బ్యాంక్, ఛార్జర్ వైర్లు తీసి ట్రేలో విడిగా పెట్టమంటారు. పాత ఎక్స్‌రే యంత్రం ఒకే వైపు నుంచి బొమ్మ తీస్తుంది. ల్యాప్‌టాప్‌లోని లోహం, బ్యాటరీ దాని కింద ఏముందో కనపడనివ్వవు. సీటీ స్కానర్లు వచ్చిన చోట బ్యాగును అన్ని వైపులా తిప్పి చూడగలరు కాబట్టి తీయాల్సిన పని తగ్గుతుంది.

తెర ముందు కూర్చున్న ఉద్యోగికి సామాను రంగుల్లో కనిపిస్తుంది. లోహాలు నీలంగా, తిండి, బట్ట, కాగితం, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో, రెండూ కలిసినవి ఆకుపచ్చగా తేలతాయి. చిక్కంతా నారింజ రంగుతోనే. పేలుడు పదార్థాలు కూడా చాలావరకు అదే రంగులో పడతాయి. గట్టిగా అచ్చుపోసిన బెల్లం దిమ్మె, రెండు కిలోల చింతపండు ముద్ద, కవరులో బిగించి కట్టిన నువ్వుల పొడి, వీటన్నిటికీ తెర మీద ఒకే రూపం, దట్టమైన నారింజ ముద్ద. అందుకే ఊరి తిండి నింపిన బ్యాగును పక్కకు తీసి విప్పించడం మామూలు. ప్రయాణికుడి మీద అనుమానంతో చేసే పని కాదది. పల్చగా, విడివిడి పొట్లాలుగా, పైనే కనపడేలా సర్దితే విప్పడమూ తేలిక, మళ్లీ కట్టుకోవడమూ తేలిక. ఒక్కోసారి చిన్న గుడ్డపేలికతో బ్యాగు పిడినీ చేతులనూ తుడిచి ఒక యంత్రంలో పెడతారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరీక్ష అది. నైట్రేట్ ఉన్న ఎరువులు చల్లిన చేతులు, గ్లిజరిన్ ఉన్న క్రీములు కూడా దాన్ని మోగించగలవు. పొలం పని చేసి నేరుగా బయలుదేరేవాళ్లు చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, వేరే బ్యాగు పట్టుకుపోతే ఆ ఇబ్బంది ఉండదు.

మనిషి తనిఖీలో ముందు లోహపు చట్రం గుండా నడవాలి, తరవాత చేతి యంత్రంతో ఒళ్లంతా చూస్తారు. ఆడవాళ్లను తెర చాటున మహిళా సిబ్బందే చూస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు చట్రం దాటకముందే ఆ మాట చెప్పి, కార్డు చూపిస్తే చేతితో తనిఖీ చేసి పంపుతారు.

ఇక వస్తువులు. మొదటి వరస చేతిలో ఆయుధం కాగలిగినవి. కత్తి, బ్లేడు, కత్తెర, స్క్రూడ్రైవర్, సుత్తి, క్రికెట్ బ్యాటు చేతిబ్యాగులో వద్దు. కత్తిపీట, కొబ్బరికోరు, కొడవలి కూడా అంతే. వీటిని మొనలకు అట్టో గుడ్డో చుట్టి పెట్టెలో పెడితే అభ్యంతరం ఉండదు. పెట్టె సామాన్ల అరలో ఉంటుంది, దాన్ని తీసి ఎవరూ ఎవరినీ బెదిరించలేరు. కారంపొడి కూడా ఈ వరసలోకే వస్తుంది. కళ్లలో చల్లితే ఆయుధమే కదా. సిక్కుల కిర్పాన్‌కు దేశీయ విమానాల్లో మినహాయింపు ఉంది. మొత్తం పొడవు 9 అంగుళాలు, అలుగు 6 అంగుళాలు దాటకూడదు. లైసెన్సు తుపాకీని విమాన సంస్థకు ముందుగా చెప్పి, ఖాళీ చేసి, చెకిన్ సామానులోనే పంపాలి. ఎప్పుడో బ్యాగు జేబులో ఉండిపోయిన ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, కాబట్టి తుపాకీ ఉన్న ఇంట్లో బ్యాగు జేబులన్నీ దులిపి చూసుకోవాలి.

రెండో వరస అంటుకునేవి. ఇవి ఎక్కడ ఉన్నా ప్రమాదమే కాబట్టి రెండు చోట్లా నిషేధం. టపాకాయలు, పెట్రోలు, కిరోసిన్, గ్యాసు సిలిండరు, పెయింటు, థిన్నర్, అగ్గిపెట్టె, సిగరెట్ లైటర్ ఈ జాబితాలోవి. కొన్ని దేశాల్లో ఒక లైటర్ జేబులో ఉంచుకోనిస్తారు గానీ భారత విమానాశ్రయాల్లో ఒప్పుకోరు. పురుగుమందు అంటుకోకపోయినా విషం, కారే ప్రమాదం వేరే, అది కూడా విమానం ఎక్కదు. మద్యంలో ఆల్కహాల్ శాతాన్ని బట్టి లెక్క మారుతుంది. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నదాన్ని సీలు విప్పని సీసాల్లో ఒక్కరు 5 లీటర్ల దాకా పెట్టెలో తీసుకుపోవచ్చు, 70 దాటితే అసలు వీల్లేదు.

పూజాసామగ్రి దగ్గరే మనవాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు. కర్పూరం ఇట్టే అంటుకునే ఘనపదార్థం, అందుకని రెండు చోట్లా వద్దు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ. వేడికి, ఇరుకు చోట దానంతట అదే వేడెక్కి రాజుకునే గుణం ఉన్నందున అంతర్జాతీయ వర్గీకరణలో దానికి ప్రమాదకర సరుకుల్లోనే చోటిచ్చారు. గృహప్రవేశానికి, పెళ్లికి ఎండుకొబ్బరి గిన్నెలు మోసుకుపోవాలనుకునేవాళ్లు ఆ ఊళ్లోనే కొనుక్కోవడం ఉత్తమం. నీళ్లున్న కొబ్బరికాయ సంగతి వేరు, మామూలు రోజుల్లో దాన్ని చేతిబ్యాగులో రానివ్వరు, పెట్టెలో పంపమంటారు.

శబరిమల స్వాములకు ఇదే పెద్ద సమస్య అయింది. ఇరుముడి తలమీద నుంచి దించి కౌంటర్‌లో అప్పజెప్పడం, ఎవరో బెల్టు మీద విసిరేయడం వాళ్ల నియమానికి సరిపడదు. లోపల నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉంటుంది. ఈ బాధను గుర్తించి బీసీఏఎస్ 2022 నవంబరులో ఆ సీజనుకు కొబ్బరికాయను చేతిసామానుగా అనుమతించింది. 2024 అక్టోబరులో మళ్లీ అనుమతి ఇస్తున్నట్టు పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. 2025 జనవరి 20 దాకా అది అమల్లో ఉంది. ఎక్స్‌రే, పేలుడు ఆనవాళ్ల పరీక్ష, చేతితో తనిఖీ మూడూ జరిగాకే రానిచ్చారు. భద్రతకు భంగం లేకుండా భక్తికి చోటివ్వడం సాధ్యమేనని చూపిన మంచి నిర్ణయమిది. అయితే ఇది సీజను సీజనుకు ఇచ్చే అనుమతి, శాశ్వత నియమం కాదు. గురుస్వాములు ఏటా టికెట్లు తీసేటప్పుడే విమాన సంస్థను అడిగి తెలుసుకోవాలి. పైగా ఆ సడలింపు కొబ్బరికాయకే, ఇరుముడిలోని కర్పూరానికి వర్తించదు. కర్పూరం, అగ్గిపెట్టె కేరళలో దిగాక కొనుక్కోవాల్సిందే.

మూడో వరస బ్యాటరీలు. ఇక్కడ నియమం తలకిందులవుతుంది. కత్తిని పెట్టెలోకి పంపిన చట్టమే పవర్ బ్యాంకును పెట్టెలోంచి బయటికి తీయిస్తుంది. లిథియం బ్యాటరీలో లోపం వస్తే అది తనంతట తానే వేడెక్కుతుంది, ఆ వేడి పక్క సెల్లుకు పాకుతుంది, మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది. సామాన్ల అరలో మంటలార్పే వాయువు వదిలే ఏర్పాటు ఉన్నా, బ్యాటరీ లోపల పుట్టే వేడిని అది చల్లార్చలేదు. మనుషులుండే చోటైతే పొగ వెంటనే కనపడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లబరచగలరు. 2010 సెప్టెంబరు 3న లిథియం బ్యాటరీల సరుకుతో దుబాయి నుంచి లేచిన యూపీఎస్ సరుకు విమానంలో మంటలు రేగి, విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకుగా పంపడం ప్రపంచమంతటా ఆపేశారు.

పవర్ బ్యాంకు ఎంతదాకా అన్నది వాట్ అవర్లలో చెబుతారు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే అనుమతి అడగనక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ ఒప్పుకోవాలి, అదీ రెండే. 160 దాటితే విమానం ఎక్కదు. అంగడిలో మాత్రం ఎంఏహెచ్ లెక్కనే అమ్ముతారు. దాన్ని మార్చుకోవడం కష్టం కాదు. ఎంఏహెచ్ సంఖ్యను బ్యాటరీ వోల్టేజితో, అంటే సాధారణంగా 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి. 20,000 ఎంఏహెచ్ ఉన్నది 74 వాట్ అవర్లు, నిశ్చింతగా తీసుకుపోవచ్చు. 30,000 ఉన్నది 111 వాట్ అవర్లు, అడగాల్సిందే. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకెలు చెరిగిపోతే తనిఖీ ఉద్యోగికి ఆధారం ఉండదు, పక్కన పెట్టేయొచ్చు. ఊరూపేరూ లేని చవక సరుకును ఇంట్లోనే వదిలేయడం మంచిది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ఎయిర్ బూసాన్ విమానం పైఅరలో మంటలు లేచి విమానం తగలబడింది, లోపలివాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తరవాత ఎన్నో సంస్థలు నియమాలు బిగించాయి. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటే తీసుకురానిస్తోంది, విమానంలో దాంతో ఛార్జింగు పెట్టడం పూర్తిగా మానిపించింది. బ్యాటరీతోనే నడిచే ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 చట్టం ప్రకారమే నిషేధం.

ద్రవాల నియమం 2006 నాటిది. ఆ ఏడాది ఆగస్టులో, పానీయాల సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు నింపి లండన్ నుంచి పోయే విమానాలను పేల్చాలన్న కుట్రను బ్రిటిష్ పోలీసులు పట్టుకున్నారు. అప్పటి నుంచి అంతర్జాతీయ ప్రయాణంలో ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన కవరులో ఇమడాలి. డబ్బాలో ఎంత మిగిలిందన్నది కాదు, డబ్బా ఎంత పడుతుందన్నదే లెక్క. అడుగంటిన 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసా కూడా వదిలేయాల్సిందే. నెయ్యి, తేనె, పెరుగు, ఊరగాయ అన్నీ ద్రవాల కిందికే వస్తాయి. కాబట్టి ఆవకాయ జాడీ చోటు పెట్టెలోనే. నూనె కారకుండా రెండు మూడు కవర్లలో బిగించి, కొన్ని గంటలు బోర్లించి చూసి మరీ సర్దాలి. ఒక్క జాడీ కారితే పెట్టెలోని బట్టలన్నీ పాడవుతాయి, పక్కవాళ్ల పెట్టెలు కూడా. పసిపిల్లల పాలు, అవసరమైన మందులకు మినహాయింపు ఉంది, మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఇన్సులిన్ సూదులకూ అంతే. దేశంలోపలి విమానాల్లో తాగునీళ్ల సీసాను సాధారణంగా రానిస్తారు. అమెరికాకు పోయేవాళ్లకు 2018 జూన్ 30 నుంచి ఇంకో మెలిక ఉంది. చేతిబ్యాగులో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడులను విడిగా పరీక్షిస్తారు, తేలకపోతే రానివ్వరు. రాగిపిండి, చారుపొడి, కందిపొడి పెట్టెలో పెట్టుకుంటే ఆ బాధ లేదు.

గల్ఫ్ ప్రయాణికులు అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సినది గసగసాలతో. మన అంగడిలో అది మసాలా దినుసు. యూఏఈ, సౌదీ అరేబియాలలో మాత్రం మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంలో పిడికెడు గసాలు ఉన్నా జైలు దాకా పోయే వ్యవహారం అది. విడిగా ఉన్నవే కాదు, మాంసం మసాలా పొడుల్లో కలిసినవి కూడా చూసుకోవాలి. ట్రమడాల్, కొడీన్ లాంటి నొప్పి, దగ్గు మందులకు ఆ దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. ఊళ్లో తెలిసినవాళ్లు, వీసా ఇప్పించిన ఏజెంట్లు అక్కడ ఫలానావాళ్లకు ఇవ్వమని చేతిలో పెట్టే పొట్లాలు మరీ ప్రమాదం. ఎవరి బ్యాగులో దొరికితే వాళ్లదే నేరం, ఇచ్చినవాడి పేరు చెప్పినా చట్టం ముందు నిలబడదు. విప్పి చూడని పొట్లాన్ని మొహమాటపడి తీసుకోకూడదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లలో కొందరు శాటిలైట్ ఫోన్‌తో పట్టుబడుతుంటారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా దాన్ని దేశంలోకి తేవడం నేరం, కొండలెక్కేవాళ్లు వాడే ఉపగ్రహ సందేశ పరికరాలు కూడా దానికిందికే వస్తాయి.

తనిఖీ వరసలో నిలబడి బాంబు మాట సరదాకు ఎత్తినా సిబ్బంది దాన్ని నిజంగానే తీసుకోవాలి. 2024 అక్టోబరులో వరసగా వచ్చిన ఉత్తుత్తి బెదిరింపులతో వందల విమానాలు చిక్కుల్లో పడ్డాయి. అలాంటి మాట అన్నవాళ్లు ఆ రోజు విమానం ఎక్కరు, పోలీసు స్టేషన్‌కు పోతారు.

నిషేధిత వస్తువు చేతిబ్యాగులో దొరికితే, అది పెట్టెలో పోదగినదైనప్పుడు, సమయం ఉంటే వెనక్కి వెళ్లి కౌంటర్‌లో అప్పజెప్పొచ్చు. సాగనంపడానికి వచ్చినవాళ్లు బయట ఇంకా ఉంటే వాళ్లకు ఇచ్చి రావొచ్చు. రెండూ కుదరకపోతే అక్కడి డబ్బాలో వదిలేయడమే, దాన్ని తిరిగి ఇవ్వరు. ఎక్కువ సంస్థలు దేశీయ విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. అందుకని దేశీయ ప్రయాణానికి రెండు గంటలు, విదేశానికి కనీసం మూడు గంటలు ముందు టెర్మినల్‌లో ఉండేలా బాగేపల్లి నుంచి బయలుదేరాలి. సాగనంపే బంధువులు, తమవాళ్లు తనిఖీ దాటామని ఫోన్ చేసేదాకా కారు తిప్పకపోతే, పొరపాటున చేతిబ్యాగులో మిగిలిపోయిన వెండి అడకత్తెరో, కొత్త కత్తిపీటో మళ్లీ ఇంటికి చేరుతుంది.